కైసరు లేని క్రిస్మస్

క్రిస్మస్‌కు మన చర్చిల్లో పిల్లలు వేసే నాటకంలో గొర్రెల కాపరులు, తూర్పు జ్ఞానులు ఒకే పాకలో పక్కపక్కన నిలబడతారు. కాపరులు లూకా సువార్తలోని వాళ్లు, జ్ఞానులు మత్తయి సువార్తలోని వాళ్లు. రెంటినీ కలిపితే వేదిక నిండుతుంది. యేసు ఎవరన్న ప్రశ్నకు ఏ సువార్తికుడు ఏం జవాబిచ్చాడో మాత్రం చెదిరిపోతుంది.

లూకా రెండో అధ్యాయాన్ని విడిగా చదవండి. అది పశువుల తొట్టితో మొదలవదు, ప్రజాసంఖ్య రాయమన్న కైసరు ఔగుస్తు ఆజ్ఞతో మొదలవుతుంది. అగస్టస్‌గా మనం చరిత్రలో చదువుకున్న చక్రవర్తి ఆయనే. నేటి టర్కీలోని ప్రియేనేలో దొరికిన క్రీ.పూ. 9 నాటి శాసనం ఆయన్ని రక్షకుడంది, ఆయన పుట్టుకే లోకానికి శుభవార్తల ఆరంభమంది. ఆసియా రాష్ట్రం తన సంవత్సరాదినే ఆయన పుట్టినరోజుకు మార్చుకుంది. నాయకుడి పుట్టినరోజుకు ఊరంతా ఫ్లెక్సీలు కట్టే మనకు ఇదేం వింత కాదు.

ఆ ఆజ్ఞ కింద ఊరు కదిలిన పేద దంపతుల బిడ్డనే దేవదూత రక్షకుడు, క్రీస్తు, ప్రభువు అని ప్రకటించాడు. విన్నది రాత్రి కాపలా కాస్తున్న కాపరులు. ఆనవాలు పశువుల తొట్టి.

లూకాయే రాసిన అపొస్తలుల కార్యములలో పేతురు, మీరు సిలువ వేసిన యేసునే దేవుడు ప్రభువుగా, క్రీస్తుగా నియమించాడంటాడు. పునరుత్థానం దగ్గర పుట్టిన ఈ నమ్మకం క్రమంగా వెనక్కి, బాప్తిస్మం దాకా, ఆపై గర్భధారణ దాకా జరిగిందని బైబిలు పండితుడు రేమండ్ బ్రౌన్ 1977లో వెలువడిన తన గ్రంథంలో వివరించాడు. అందుకే లూకా జన్మకథలో సిలువ నీడ కనిపిస్తుంది. మరియ హృదయంలోకి ఖడ్గం దూసుకుపోతుందని సుమెయోను అనే భక్తుడు చెప్పింది పసిబిడ్డను చేతుల్లోకి తీసుకున్న రోజునే.

తేదీల చిక్కు ఉన్నమాట నిజమే. యేసు పుట్టుకను లూకా ముడిపెట్టింది సిరియా అధిపతి కురేనియ కాలపు జనాభా లెక్కతో, అది క్రీ.శ. 6 నాటిది. కానీ లూకా కథ మొదలయ్యేది హేరోదు రాజు రోజుల్లో, ఆయన చనిపోయింది క్రీ.పూ. 4లో అని ఎక్కువమంది పండితుల లెక్క. విశ్వాసులు దీన్ని దాచనక్కర్లేదు, విమర్శకులు ఇంతటితో కథను కొట్టిపారేయనూ అక్కర్లేదు. లూకా తేల్చదలచింది లోకానికి ప్రభువెవరన్న సంగతి.

ఆ అధ్యాయం చదివి కైసరు పేరు దాటేసే ప్రసంగం సగం ప్రసంగమే.