రైస్‌తో డ్యామా?

మొన్న మా అమ్మాయి నెదర్లాండ్స్ మీద స్కూలు ప్రాజెక్టు చేసుకుంటూ వంటింట్లోకి వచ్చి, "అమ్మా, వీళ్ళు రైస్‌తో డ్యామ్ కడతారట!" అంది. చూద్దును కదా, డచ్చివాళ్ళ మాట 'రైస్‌డామ్'. నాకూ వింతగానే అనిపించి, పొయ్యి కట్టేసి తనతోపాటు కూర్చున్నాను.

అక్కడ 'రైస్' అంటే సన్నని కొమ్మలూ రెమ్మలూ అట. బియ్యాన్ని 'రైస్ట్' అంటారు. జర్మన్‌లో అయితే రెండింటికీ 'రైస్' ఒక్కటే. పుట్టుకలు మాత్రం వేరు. కొమ్మ మాట ఆ భాషల సొంతం, పాత ఇంగ్లీషులోనూ 'హ్రీస్' అని ఉండేది. బియ్యం మాట గ్రీకు 'ఒరైజా' నుంచి లాటిన్ మీదుగా వచ్చింది. బీఎస్సీలో వరిని 'ఒరైజా సటైవా' అని బట్టీ పట్టాను, అది ఇన్నాళ్ళకు ఇలా పనికొచ్చింది!

వాడెన్ సముద్రం ఒడ్డున రెండు వరసలుగా గుంజలు పాతి, మధ్యలో కొమ్మల మోపులు కుక్కుతారు. నీళ్ళు ఆగిపోవు, అలల జోరు తగ్గుతుంది. వెనకాల బురద పేరుకుని, గడ్డి మొలిచి, కరకట్టకు కాపు అవుతుంది.

ఆ శుక్రవారం మేం తాయిఫ్ శివార్లలోని సైసద్ ఆనకట్టకు వెళ్ళాం. ముఆవియా కాలంలో, హిజ్రీ 58లో కట్టారని అక్కడి రాతిశాసనం చెబుతుంది. అరబ్బీలో ఆనకట్ట 'సద్ద్', అంటే అడ్డు. "మరి మన మాటకి అర్థం?" అని అడిగింది మా అమ్మాయి.

"కట్ట అంటే ఏంటో చెప్పు" అన్నాను.

"కొత్తిమీర కట్ట!"

నవ్వొచ్చింది గానీ, తప్పేముంది? పుల్లలు కలిపి కట్టినా కట్టే, నీటికి అడ్డంగా కట్టినా కట్టే. రెండూ 'కట్టు' నుంచి వచ్చినవే. అలా చూస్తే రైస్‌డామ్ మన భాషలో కట్టల కట్ట!

"చెరువు కట్ట ఎలా ఉంటుంది?" అంది. అప్పుడు నా గొంతులో ఏదో అడ్డుపడింది. పదకొండేళ్ళొచ్చాయి, చెరువు కట్ట మీద నడవలేదు. ఇంటికొచ్చి మా నాన్నకు వీడియో కాల్ చేశాం. గండి పడితే తుమ్మకంప అడ్డం వేసి, పైన మట్టి ఎలా పోసేవారో చేతులు తిప్పుతూ చెప్పారు. ప్రాజెక్టు చివర్లో తను ఒక బొమ్మ చేర్చింది. కింద తెలుగులో, వంకర అక్షరాలతో, 'తాతయ్య కట్ట' అని రాసింది.

మీ ఊళ్ళో గండికి ఏం అడ్డం వేసేవారు? దాన్ని ఏమనేవారు? పిల్లల చేత పెద్దవాళ్ళని అడిగించండి.