వాణిజ్య విద్యకు ముందుచూపు

పదవ తరగతి ఫలితములు వెలువడిన నాటినుండి పదునొకండవ తరగతిలో బిడ్డను చేర్చు నాటివరకు మన ఇండ్లలో జరుగు ఆలోచన మిక్కిలి స్వల్పము. కామర్సు గ్రూపు దొరికినది, చాలునని తండ్రి అంగడికి వెళ్లును. స్నేహితులు చేరినచోటనే తానును చేరుదునని బిడ్డ దరఖాస్తుపై సంతకము చేయును. నాలుగు దినములలో తేలిపోయిన ఆ మాటయే పిమ్మట ఆరేడు సంవత్సరముల చదువును నడిపించుచున్నది. ఏ సంతలో అమ్మవలెనో యోచింపక ఒక్క బస్తా సరకైనను కొననివారము, బిడ్డ చదువు విషయమున మాత్రము ముందు కొని, పిదప సంతను వెదకుచున్నాము.

తమిళనాడు రాష్ట్ర పాఠ్యప్రణాళికలో వాణిజ్య విభాగమున చేరు విద్యార్థికి వాణిజ్యశాస్త్రము, అకౌంటెన్సీ, అర్థశాస్త్రము అను మూడును సామాన్యముగ ఉండును. నాలుగవ విషయము వద్దనే దారులు చీలుచున్నవి. కొన్ని పాఠశాలలు వాణిజ్య గణితమును గణాంకశాస్త్రమును, కొన్ని కంప్యూటర్ అప్లికేషన్సును, మరికొన్ని వేరొక విషయమును ఇచ్చుచున్నవి. లెక్కలు కష్టమని భయపడియో, సమీప పాఠశాలలో ఆ గ్రూపు లేదనియో మనవారు గణితమును విడిచివేయుచున్నారు. కంప్యూటరు విద్యను మేము తక్కువ చేయుటలేదు. గణితము లేకయే బి.కాం.లో చేర్చుకొను కళాశాలలు పెక్కు కలవు. కాని ఏమి విడుచుచున్నామో తెలిసి విడువవలెనని మా మనవి.

ఇందూరు నగరమందలి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ 2011లో ఐదు సంవత్సరముల సమగ్ర కోర్సును ప్రారంభించినది. పన్నెండవ తరగతి ముగిసినవారు అందు చేరవచ్చును. దాని ప్రవేశపరీక్షలో లెక్కలది పెద్ద పాలు. పట్టభద్రులు వ్రాయు క్యాట్ పరీక్షలోని మూడు భాగములలో ఒకటి లెక్కలకే చెందినది. చార్టర్డ్ అకౌంటెన్సీ ఫౌండేషన్ పరీక్షలోని నాలుగు పత్రములలో మూడవది గణితము, తర్కము, గణాంకశాస్త్రములతో కూడినది. అందు తప్పు సమాధానమునకు పావు మార్కు కోత కూడ కలదు. నిబంధనలలో కనుపింపని గణితము పరీక్షశాలలో ఎదురగుచున్నది.

మా యెరుకలోని ఒక వస్త్రవర్తకుని కుమార్తె గతి ఇట్లే అయినది. అకౌంటెన్సీలో తరగతికి మొదటిదిగ నిలిచిన పిల్ల, గణితము విడిచి చదివినందున ఫౌండేషన్ పరీక్షలో రెండు మార్లు ఆ మూడవ పత్రము వద్దనే ఆగిపోయినది. ఒక సంవత్సరము పోగొట్టుకొని బి.కాం.లో చేరినది. వాణిజ్య పట్టభద్రులు తగిన మార్కులు తెచ్చుకొన్నచో ఫౌండేషన్ వ్రాయకయే ఇంటర్మీడియట్ దశలో చేరవచ్చునని అప్పుడు ఆమెకు చెప్పినవారు లేరు. మొదటి ఏడాది చదువును తేలికగ తీసికొనినది. కడకు సగటు నూటికి 53 వచ్చినది. కావలసినది 55. నేడు ఒక ఆడిటరు కార్యాలయమున పనిచేయుచు, మరల ఫౌండేషనుకే చదువుచున్నది. ఇందు బిడ్డ తెలివికి లోపము లేదు; దారి చెప్పవలసిన పెద్దలదే లోపము. మనలో పెక్కురము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి అంగడిలో కూర్చున్నవారము. తెలియనిది అడిగి తెలిసికొనుటకు సిగ్గుపడితిమి.

కావున తెలిసినంతవరకు ఇచట చెప్పుచున్నాము. ఫౌండేషనుకు పదవ తరగతి ముగియగనే పేరు నమోదు చేసికొనవచ్చును. పరీక్షను మాత్రము పన్నెండవ తరగతి పరీక్షలు వ్రాసిన పిదపనే వ్రాయవలెను. నమోదునకు పరీక్షకు నడుమ నాలుగు నెలల చదువుకాలము ఉండవలెను. ప్రతి పత్రమున 40, మొత్తము మీద నూటికి 50 రావలెను. 2024 నుండి ఈ పరీక్ష సంవత్సరమునకు మూడు మార్లు జరుగుచున్నది.

రెండవ దారి పట్టభద్రులది. వాణిజ్య పట్టభద్రులకు నూటికి 55, ఇతరులకు 60 ఉండవలెను. వాణిజ్య పట్టభద్రులకు మార్కులొక్కటే చాలవు. అకౌంటింగు, ఆడిటింగు, వర్తక చట్టములు, కంపెనీ చట్టములు, అర్థశాస్త్రము, పన్నులు, కాస్టింగు, మేనేజ్‌మెంటు మొదలగువానిలో నూరేసి మార్కుల పత్రములు మూడైనను చదివియుండవలెను. కళాశాలలో చేర్చునాడు ఫీజు ఎంతయని అడుగుదుము. ఏ సెమిస్టరులో ఏ పత్రములున్నవని కూడ అడుగవలెను. మొదటి సెమిస్టరు మార్కు కడపటి మొత్తములో చేరునని బిడ్డకు మొదటి దినముననే చెప్పవలెను.

భాష సంగతి వేరుగ చెప్పవలసియున్నది. చార్టర్డ్ అకౌంటెన్సీ పరీక్షలను ఇంగ్లీషులోనో హిందీలోనో వ్రాయవలెను. తెలుగునకుగాని తమిళమునకుగాని అందు చోటులేదు. అందుచే అకౌంటెన్సీని తమిళమున చదివిన బిడ్డ ఆ శాస్త్రపదములను ఇంగ్లీషులో కూడ మొదటి ఏటినుండియే అలవరచుకొనవలెను. ఇది చెప్పినందున ఇంట తెలుగు మానుడని మా భావము కాదు. మన తాతలు చిట్టాను ఆవర్జాను తెలుగున వ్రాసికొనుచు, బేరమును తమిళమున నడిపిరి. రెండు భాషలు మోసిన భుజములకు మూడవది మోయరాని బరువు కాదు.

మరియొక మాట. భాషాల్పసంఖ్యాకులను రాష్ట్రమును ప్రమాణముగ చేసికొని నిర్ణయింపవలెనని 2002లో టి.ఎం.ఏ. పాయ్ ఫౌండేషన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మన రాష్ట్రమున తెలుగు అల్పసంఖ్యాకుల కళాశాలలు కలవు. అచట మనవారి కోటాలో సీటు కోరునప్పుడు మాతృభాష తెలుగని చూపు ఆధారము అడుగుదురు. పాఠశాల బదిలీ పత్రమున మాతృభాష యెదుట ఏమి వ్రాసియున్నదో తల్లిదండ్రులు నేడే చూచుకొనవలెను. తప్పున్నచో చదువు ముగియక ముందే దిద్దించుకొనుట సులభము.

మన సంఘమున ఆడిటర్లు కలరు, అధ్యాపకులు కలరు, బ్యాంకు ఉద్యోగులు కలరు. వారు పదవ తరగతి పిల్లలకొరకు వేసవిలో రెండు ఆదివారముల ఉదయములు కేటాయింపవలెనని కోరుచున్నాము. లెక్కలకు వెరచు పిల్లలకు సాయంకాలము ఒక గంట చెప్పగలవారు ముందుకు వచ్చినచో సంఘ కార్యాలయమున చోటు, దీపము, కుర్చీలు మేము చూచుకొందుము. తల్లిదండ్రులు బిడ్డను వెంటబెట్టుకొని రావలెను. మగపిల్లలతోపాటు ఆడపిల్లలను కూడ తప్పక తీసికొనిరావలెను. బిడ్డకు గణితము నిజముగ పొసగనిచో బలవంతము వలదు. వేరు దారి చూపుదము. భయము చేతనో, తెలియమి చేతనో మాత్రము ఏ బిడ్డయు ఇక తలుపు పోగొట్టుకొనరాదు. సంవత్సరాంతమున పద్దు చూచుకొని విచారించు వర్తకునికంటె, సంవత్సరాదిననే లెక్క వేసికొనువాడు మేలని మనకు వేరుగ చెప్పవలెనా?