పొలం పని ఉంటే ఎక్సర్‌సైజ్ ఎందుకు అనేవాళ్ళకి నా సమాధానం

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

"పొలం పని చేసేవాడికి ఎక్సర్‌సైజ్ ఏటి, అదేదో కుర్చీలో కూర్చునే ఉద్యోగస్తులకి గానీ" అనే మాట మన ఊళ్ళలో వేదవాక్కు అయిపోయింది. టీ కొట్టు దగ్గర ఈ మాట అని నవ్వేవాళ్ళని ఒక్కటే అడుగుతున్నాను. నిన్న పొద్దుట నుంచి సాయంత్రం దాకా మీ ఒళ్ళు చేసిన పని ఏంటో చెప్పండి. బండి మీద పొలానికి వెళ్ళాం. మోటారు స్విచ్ వేశాం. గట్టు మీద నిలబడి ట్రాక్టర్ కుర్రాడికి ఇటు దున్ను అటు దున్ను అని చెయ్యి ఊపాం. మళ్ళీ బండెక్కి ఇంటికొచ్చాం. ఇదేనా పొలం పని?

మన నాన్నల కాలం లెక్క వేరు. ఎకరం అంటే 4047 చదరపు మీటర్లు. నాగలి చాలు ఎనిమిది అంగుళాలు అనుకుని కాగితం మీద వేసి చూడండి, ఎకరం ఒక్కసారి దున్నడానికి ఎద్దుల వెనకాల 20 కిలోమీటర్లు నడవాలి. అదీ బురదలో. కోత అయ్యాక కావిడితో మోపులు కల్లానికి మొయ్యాలి, కుప్ప వెయ్యాలి, నూర్చాలి. ఇప్పుడు దమ్ము ట్రాక్టర్ చేస్తోంది, కోత మిషను చేస్తోంది, మందు కొట్టడానికి కూడా డ్రోన్ వచ్చేసింది. మంచిదే, నేను మిషన్లని తప్పు పట్టడం లేదు. పని మిషనుకి ఇచ్చేశాం గానీ పళ్ళెంలో అన్నం మాత్రం నాన్న తిన్నంతే పెట్టుకుంటున్నాం. అందుకే ఇంటికొకరు బీపీ మాత్ర, ఇద్దరుంటే ఒకరు షుగర్ మాత్ర అన్నట్టు తయారయ్యాం.

ఆడవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు ఇప్పటికీ ఊడుపుల్లో, కలుపులో నడుం వంచుతూనే ఉన్నారు. కానీ రోజంతా ఒకే వంపులో ఉంటే నొప్పి వస్తుంది గానీ బలం రాదు. వాళ్ళకి మనకంటే ముందు కావాలి ఈ కసరత్తు. మగాళ్ళు సిగ్గుపడాల్సిన విషయం ఇది, ఇక్కడికి ఆపుతాను.

ముప్పై దాటాక కసరత్తు లేని ఒంట్లో పదేళ్ళకి 3 నుంచి 8 శాతం దాకా కండ తగ్గుతుందని డాక్టర్లు చెబుతారు. అరవై దాటితే ఇంకా జోరుగా తగ్గుతుంది. మనకేమో నెలల తరబడి బరువు అంటే తెలీదు, కోతలైన రోజు మాత్రం ఒక్కసారిగా 80 కేజీల బస్తాకి చెయ్యి వేస్తాం. నడుం పట్టేయక ఏం చేస్తుంది? వారం మంచం మీద పడితే ఆ కూలి ఎవరిస్తారు, ఆస్పత్రి బిల్లు ఎవరు కడతారు?

ఇక రెండో గొడవ మన కుర్రాళ్ళతో. వాళ్ళు ఫోనులో వీడియో చూసి "20 సెకన్లు దంచు, 10 సెకన్లు ఆగు, ఇలా ఎనిమిదిసార్లు, నాలుగు నిమిషాల్లో అయిపోద్ది" అంటున్నారు. దాన్ని టబాటా అంటారు. జపాన్‌లో ఇజుమి టబాటా అనే ఆయన 1996లో ప్రచురించిన పరిశోధన అది. చేసింది ఎవరనుకున్నారు? ఆటలు ఆడి అలవాటైన కుర్రాళ్ళు, కదలకుండా ఉండే సైకిల్ మీద. ఏడెనిమిది విడతలకి ఇంక తొక్కలేక ఆగిపోయేంత గట్టిగా. దాన్ని తెచ్చి యాభై దాటిన మనిషి చేతికి బరువిచ్చి మొదటి రోజే చెయ్యమంటే ఎలా? ఊపిరి అందనప్పుడు ముందు నడుం వంకర పోతుంది, ఆ వంకరలోనే బరువు ఎత్తేస్తాం. కాడి మెడ మీద పడని గిత్తని తీసుకెళ్ళి ఎవరైనా పందెంలో కడతారా?

టౌనులో జిమ్ము కుర్రాడు ఒకడు దీనికి ఎదురు చెప్పాడు. పరుగు, బరువు కలిపితే రెండూ పోతాయి, కాబట్టి బరువులే ఎత్తండి అన్నాడు. ఆ మాటకి మూలం కూడా చెబుతాను. 1980లో అమెరికాలో హిక్సన్ అనే ఆయన కొందరి చేత వారానికి ఐదు రోజులు బరువులు, ఆరు రోజులు పరుగు, సైకిలు చేయించాడు, పది వారాలు. ఏడెనిమిది వారాల దాకా బలం పెరిగింది, తర్వాత తగ్గడం మొదలైంది. వారంలో పదకొండు విడతలు దంచితే తగ్గదా మరి! మనం చేసేది వారానికి నాలుగు విడతలు. మన దగ్గర ఆ భయం పెట్టుకోవడం అంటే గుప్పెడు యూరియా వేసి చేను మాడిపోతుందని ఏడవడమే.

నా పద్ధతి ఇది. వారానికి రెండు రోజులు బరువు, వేరే రెండు రోజులు వేగం. మధ్యలో ఒంటికి విశ్రాంతి. రెండూ ఒకే రోజు పెట్టుకోక తప్పకపోతే ముందు బరువు, తర్వాత నడక. అలిసిపోయాక బరువు ముట్టుకోవద్దు.

బరువుకి జిమ్ము అక్కర్లేదు. ఖాళీ గోనెలో 15 కేజీల ఇసుక పోసి మూతి కట్టండి. యూరియా బస్తా 45 కేజీలు కదా, దాని జోలికి ఇప్పుడే పోవద్దు. కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి, వీపు గుండ్రంగా వంచకుండా పిరుదులు వెనక్కి తోసి వంగండి. సంచిని ఒంటికి ఆనించుకుని తొడల బలంతో లేవండి. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. బిగపడితే బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది. ఎనిమిదిసార్లు ఎత్తి, రెండు నిమిషాలు ఆగి, మళ్ళీ. మొత్తం మూడు విడతలు. ఇంకో రెండు మూడుసార్లు ఎత్తగలను అనిపించినప్పుడే దించెయ్యాలి, ఇది ముఖ్యం. తర్వాత మంచం పట్టె మీద కూర్చుని లేవడం, అదే మన పాత బస్కీలు అనుకోండి. గోడకి చేతులు ఆనించి దండీలు. చివర రెండు బకెట్ల నీళ్ళు పట్టుకుని నిటారుగా నలభై అడుగులు. పన్నెండుసార్లు తేలిగ్గా ఎత్తే రోజు వచ్చాక సంచిలో రెండు కేజీలు కలపండి.

మన ఉత్తరాంధ్రకి ఇది కొత్తా? పండగలకి సంగిడి రాళ్ళు ఎత్తిన ఊళ్ళు మనవి. పెద్ద రాయి ఎత్తినవాడు మొదటి రోజు చిన్న రాయి దగ్గరే నిలబడ్డాడు. ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో రెండు ఎత్తులూ కలిపి 240 కేజీలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఆవిడా ఒక్క రోజులో ఎత్తలేదు.

వేగానికి పరుగు వద్దు, నడకే. మూడు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు మెల్లగా. గట్టిగా నడిచేటప్పుడు నోట్లోంచి రెండు మాటలు రావాలి, కబుర్లు మాత్రం రాకూడదు. మొదట మూడు విడతలు, నెల పోయాక ఐదు. జపాన్‌లో షిన్షు యూనివర్సిటీ వాళ్ళు నడివయసు వాళ్ళ చేత, పెద్దవాళ్ళ చేత ఐదు నెలలు ఇలా నడిపించి 2007లో రాశారు. తొడల బలం పెరిగింది, బీపీ తగ్గింది. మామూలుగా ఒకే తీరున నడిచినవాళ్ళకి అంత రాలేదు. టబాటా ఊరే జపాన్, ఇదీ జపానే. మన వయసుకి ఏది పనికొస్తుందో ఫోను చెప్పదు.

గుండె జబ్బు ఉన్నవాళ్ళు, బీపీ ఎక్కువున్నవాళ్ళు ముందు డాక్టరుకి చూపించుకోండి. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, షుగర్ మాత్రలు వాడేవాళ్ళు జేబులో బెల్లం ముక్క ఉంచుకోండి. ఛాతీ పట్టేసినా, కళ్ళు తిరిగినా ఆగిపోండి, రోషానికి పోవద్దు. ఊడుపుల్లో నిజంగా ఒళ్ళు వంచే వారాల్లో సంచి పక్కన పెట్టేయొచ్చు. తిండిలో అన్నం కొంచెం తగ్గించి ఉలవలు, గుడ్డు పెంచండి. చోడి అంబలి మానేసినవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టండి.

"టైము లేదు" అనే మాట మాత్రం నా దగ్గర అనొద్దు. టీ కొట్టు దగ్గర మనం ఎంతసేపు కూర్చుంటామో నాకు తెలుసు, నేనూ అక్కడే ఉంటాను కదా.

సోమవారం పొద్దున్న ఐదున్నరకి మా కల్లంలో మొదలు. ఇసుక ఉంది, తూచడానికి కాటా ఉంది. ఖాళీ గోనె ఒకటి, వాచీ ఒకటి తెచ్చుకోండి. చూసి నవ్వుదామని వచ్చేవాళ్ళు కూడా గోనె తెచ్చుకోవాలి.