శిథిలాల తరలింపుకు అనుమతి: దించే చోటే అసలు ప్రశ్న
సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలపై విశ్లేషణ

పాత ఇంటిని పడగొట్టి కొత్త ఇల్లు కట్టుకొనేవారికి భవన నిర్మాణ అనుమతి పొందడం గతంతో పోలిస్తే ఎంతో సులభమైంది. అయితే పడగొట్టిన ఇంటి మట్టిని, ఇటుకలను, కాంక్రీటు ముక్కలను వీధిలో ఎక్కడ ఉంచాలి, ఎన్నాళ్లు ఉంచవచ్చు, చివరకు ఎక్కడ దించాలి అన్న మూడు ప్రశ్నలు నిర్మాణ అనుమతితో తీరేవి కావు. మొదటి రెండు ప్రశ్నలకు పురపాలక సంఘం కాగితంపై సమాధానం ఇవ్వగలదు. మూడవ దానికి మాత్రం భూమిపై సమాధానం చూపవలసి ఉంటుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి మధ్యతరహా పట్టణాలలో ఈ సమస్య పరిష్కారం ఆ మూడవ ప్రశ్నపైనే ఆధారపడి ఉంది.

కుండీలు లేని పట్టణం

వ్యర్థాల నిర్వహణలో సూర్యాపేటకు ప్రత్యేక స్థానం ఉంది. 2003-04 ప్రాంతంలో అప్పటి మునిసిపల్ కమిషనరు ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ హయాంలో వీధులలోని చెత్తకుండీలను తొలగించి, ఇంటింటి నుండి తడి, పొడి చెత్తను వేరుగా సేకరించే విధానాన్ని పట్టణంలో అమలుచేశారు. తడి చెత్త ఎరువుగా మారగా, పొడి చెత్త అమ్మకం పురపాలక సంఘానికి ఆదాయమైంది. లక్ష జనాభా గల పట్టణం సాధించిన ఈ విజయాన్ని అధ్యయనం చేయడానికి పలు రాష్ట్రాల నుండి అధికారులు, నిపుణులు వచ్చారు.

ఆ విధానం విజయవంతం కావడానికి కారణం కుండీలను తొలగించడం మాత్రమే కాదు. చెత్త ఇంటి గడప దాటే ముందే దాని గమ్యం నిర్ణయమై ఉండటం అసలు కారణం. ఇంటి చెత్తకు వర్తించిన ఈ సూత్రాన్ని శిథిలాలకు వర్తింపజేయడమే ఇప్పుడు చేయవలసిన పని.

ఒక ఇంటి లెక్క

శిథిలాల పరిమాణాన్ని సాధారణంగా తక్కువగా అంచనా వేస్తుంటారు. కేంద్ర ప్రభుత్వ శాస్త్ర, సాంకేతిక శాఖ పరిధిలోని టైఫాక్ సంస్థ అంచనా ప్రకారం కొత్త నిర్మాణంలో చదరపు మీటరుకు 40 నుండి 60 కిలోల వ్యర్థాలు వెలువడితే, కూల్చివేతలో 300 నుండి 500 కిలోలు వెలువడతాయి. అంటే నూరు చదరపు మీటర్ల పాత ఇంటిని పడగొడితే 30 నుండి 50 టన్నులు తేలుతుంది. తలుపులు, ద్వారబంధాలు, దూలాలు, షాబాదు బండలు, ఇనుప చువ్వలు అమ్ముడుపోతాయి. కొనేవారు లేక మిగిలేది మట్టి, ఇటుక, గచ్చు, కాంక్రీటు. ట్రాక్టరు ట్రాలీకి మూడు, నాలుగు టన్నుల చొప్పున లెక్కించినా ఒక్క ఇంటికి సుమారు పది ట్రిప్పులు అవసరమవుతాయి.

ట్రాక్టరు యజమానికి కిరాయి ట్రిప్పు లెక్కన ముడుతుంది. దూరం పెరిగితే డీజిలు ఖర్చు, సమయం పెరుగుతాయి. నిర్ణీత స్థలం లేనిచోట ట్రాలీ సహజంగానే దగ్గరలోని ఖాళీ స్థలానికో, మురుగు కాలువ ఒడ్డుకో, చెరువు శిఖానికో చేరుతుంది. దాని ఫలితం వానాకాలంలో బయటపడుతుంది. పూడిన కాలువ నీరు లోతట్టు కాలనీలలోకి చేరుతుంది, చెరువు విస్తీర్ణం గజం గజంగా తగ్గిపోతుంది. శిథిలాలు పోసిన యజమాని మిగుల్చుకొనేది కొద్దిపాటి కిరాయి. నష్టాన్ని భరించేది దిగువ కాలనీవాసి. పూడిక తీయించే ఖర్చు పురపాలక సంఘానిది.

నియమావళి చెప్పినది

2000 సంవత్సరపు పురపాలక ఘనవ్యర్థాల నియమావళి శిథిలాలను వేరుగా సేకరించాలని మాత్రమే పేర్కొన్నది. 2016 మార్చిలో కేంద్రం ప్రకటించిన నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిర్వహణ నియమావళి బాధ్యతలను స్పష్టంగా విభజించింది. శిథిలాలను రాకపోకలకు, కాలువలకు అడ్డం లేకుండా సొంత ఆవరణలో ఉంచడం లేదా సేకరణ కేంద్రానికి చేర్చడం, నిర్ణీత రుసుము చెల్లించడం యజమాని బాధ్యత. తగిన తొట్లను ఏర్పాటుచేసి, అవి నిండగానే సొంతంగా గాని, ప్రైవేటు నిర్వాహకుల ద్వారా గాని తరలించడం స్థానిక సంస్థ బాధ్యత.

రోజుకు 20 టన్నులు లేదా నెలకు ఒక ప్రాజెక్టులో 300 టన్నులు మించి వ్యర్థాలు వెలువడితే, పని మొదలుపెట్టక ముందే నిర్వహణ ప్రణాళికకు స్థానిక సంస్థ ఆమోదం పొందాలని ఆ నియమావళి నిర్దేశించింది. ఈ నిబంధన పెద్ద భవనాలకే పరిమితమన్న అభిప్రాయం ఉన్నప్పటికీ, నూరు చదరపు మీటర్ల ఇంటిని యంత్రంతో ఒక్కరోజులో పడగొడితే 20 టన్నుల హద్దు దాటడం గమనార్హం. అదే ఇంటిని కూలీలతో వారం రోజులపాటు విప్పితే ఆ హద్దు లోపలే ఉంటుంది.

2025 ఏప్రిల్‌లో కేంద్రం కొత్త నియమావళిని ప్రకటించి, దాని అమలుకు 1.4.2026 తేదీని నిర్ణయించింది. అందులోని విస్తృత ఉత్పత్తిదారు బాధ్యత 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలను ఉద్దేశించినది. మధ్యతరహా పట్టణాలలో పడగొట్టే పెంకుటిళ్లు, పాత డాబాలు ఆ పరిధిలోకి రావు. కనుక చిన్న ఇంటి శిథిలాల విషయంలో చొరవ పురపాలక సంఘం నుండే రావలసి ఉంది.

అనుమతి ఎవరిది?

తొట్టిని గాని, ట్రాలీని గాని ఉంచే స్థలాన్ని బట్టి అనుమతి ఇచ్చే అధికారి మారతారు. సొంత ఆవరణలో ఉంచితే వీధి ప్రసక్తి లేదు. పురపాలక వీధిలో ఉంచాలంటే మునిసిపల్ కమిషనరును ఆశ్రయించాలి. జాతీయ రహదారి భూమి అయితే 2002 నాటి జాతీయ రహదారుల (భూమి, రాకపోకల) నియంత్రణ చట్టం వర్తిస్తుంది. అక్కడ పురపాలక సంఘం అనుమతి ఒక్కటే చాలదు. సూర్యాపేట, కోదాడ హైదరాబాద్ - విజయవాడ 65వ జాతీయ రహదారిపై పెరిగిన పట్టణాలు. మిర్యాలగూడ, కోదాడలను 167వ జాతీయ రహదారి కలుపుతున్నది. కనుక ఈ మూడు పట్టణాలలోనూ ఈ తేడా ఇంటి యజమానికి దరఖాస్తు దశలోనే తెలియాలి.

బ్రిటన్‌లో 1980 నాటి రహదారుల చట్టం 139వ సెక్షన్ ప్రకారం శిథిలాల తొట్టిని రహదారిపై ఉంచడానికి ముందుగా అనుమతి పొందాలి. రాత్రివేళ దీపం ఉండాలి, తొట్టిపై యజమాని పేరు, ఫోన్ నంబరు లేదా చిరునామా కనిపించాలి, నిండిన వెంటనే తొలగించాలి. ఈ షరతులు ఖర్చుతో కూడినవి కావు. తొట్టి స్థానంలో ట్రాక్టరు ట్రాలీ ఉన్నా వీటిని అమలు చేయవచ్చు.

గమ్యం చూపే అనుమతి

2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం 75 చదరపు గజాల లోపు స్థలాలలో చిన్న ఇళ్లకు అనుమతి అవసరం లేకుండా నమోదు సౌకర్యాన్ని, 500 చదరపు మీటర్ల వరకు స్వీయ ధ్రువీకరణపై తక్షణ అనుమతిని ప్రవేశపెట్టింది. ప్రజలకు ఇది పెద్ద ఊరట. పనికి ముందు అధికారి వచ్చి చూసే సందర్భం తగ్గినందున, పాత కట్టడం విస్తీర్ణం, శిథిలాల అంచనా పరిమాణం, దించే స్థలం అన్న మూడు అంశాలను యజమాని ధ్రువీకరణలోనే చేర్చడం సముచితం. దీనివల్ల ఇంటి యజమాని మరొక కార్యాలయం చుట్టూ తిరగవలసిన అవసరం ఉండదు.

అయితే దించే స్థలం పేరు రాయమని కోరే ముందు ఆ స్థలాన్ని చూపవలసిన బాధ్యత స్థానిక సంస్థపై ఉంది. హైదరాబాద్‌లోని జీడిమెట్లలో 2020 నవంబరులో ప్రారంభమైన శిథిలాల శుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 500 టన్నులు. సూర్యాపేట నుండి 130 కి.మీ. పైగా ఇటుక ముక్కలను అక్కడికి తరలించడం గిట్టుబాటయ్యే పని కాదు. 2011 లెక్కల ప్రకారం లక్షకు పైబడిన జనాభా గల సూర్యాపేట, మిర్యాలగూడలకు, సుమారు 64 వేల జనాభా గల కోదాడకు అంతటి కేంద్రం విడివిడిగా అవసరం లేదు. ఒక్కొక్క పట్టణంలో చెరువు శిఖానికి, కాలువలకు దూరంగా ఒక సేకరణ స్థలం, మూడింటి మధ్య వంతులవారీగా తిరిగే ఒక సంచార క్రషరు పరిశీలించదగిన మార్గం. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోను, మిగిలిన రెండు పట్టణాలు సూర్యాపేట జిల్లాలోను ఉన్నందున స్థానిక సంస్థల అదనపు కలెక్టర్ల స్థాయిలో సమన్వయం ఇందుకు అవసరమవుతుంది.

సిద్ధమైన కంకరకు వినియోగం కూడా ఉంది. భారతీయ ప్రమాణం 383 (2016) నాసిరకం కాని పునర్వినియోగ కాంక్రీటు కంకరను సాధారణ కాంక్రీటులో 25 శాతం వరకు, ఎం-25 స్థాయి వరకు ఇనుము వేసిన కాంక్రీటులో 20 శాతం వరకు అనుమతించింది. పురపాలక పనులలో కాలిబాటలకు, రోడ్ల అడుగు పొరలకు దీనిని టెండరు షరతుగా చేర్చితే సేకరణ కేంద్రం వ్యయం కొంతమేర తిరిగి వస్తుంది.

జరిమానాలు అవసరమే అయినా, దగ్గరలో దించే చోటు ఉన్నప్పుడే అవి న్యాయసమ్మతమవుతాయి. వీధిలో ట్రాలీకి ఇచ్చే అనుమతి పత్రంపై చోటు, గడువు, గమ్యం మూడూ ఉండాలి. గమ్యం లేని అనుమతి వల్ల శిథిలాలు ఒక వీధి నుండి మరొక వీధికి మారతాయే తప్ప పట్టణం శుభ్రపడదు. ఇంటి చెత్త విషయంలో రెండు దశాబ్దాల క్రితమే దీనిని ఆచరించి చూపిన సూర్యాపేట, శిథిలాల విషయంలోనూ పొరుగు పట్టణాలకు దారి చూపగలదు.