హజ్ విమానానికి తిరుగు లోడు

మా కడియం నర్సరీల నుంచి మొక్కలు వేసుకొని దూర రాష్ట్రాలకు వెళ్లిన లారీకి తిరుగు లోడు దొరకలేదంటే, ఆ ఖాళీ ప్రయాణం ఖర్చు కూడా మొక్కలు పంపినవారి కిరాయిలోనే పడుతుంది. హజ్ విమానం సంగతీ అంతే. హాజీలను జిద్దాలోనో, మదీనాలోనో దించి అది ఖాళీగా వెనక్కి వస్తుంది. హజ్ ముగిశాక వారిని తీసుకురావడానికి మళ్లీ ఖాళీగా వెళుతుంది. నాలుగు ప్రయాణాల్లో రెండు ఖాళీవే. నాలుగింటి ఖర్చూ హాజీల టికెట్టు మీదే.

ఇలా విమానాన్ని గంపగుత్తగా అద్దెకు తీసుకోవడాన్నే చార్టర్ అంటారు. ఒకప్పుడు ఐరోపాలో సెలవుల యాత్రలన్నీ దాదాపు ఈ పద్ధతిలోనే సాగేవి. తర్వాత చౌక విమానాలు వచ్చాయి. ఎవరికి నచ్చిన రోజున వారు ఒక్కో సీటు కొనుక్కోసాగారు. బ్రిటన్‌లో 2017లో మోనార్క్ సంస్థ, 2019లో అప్పుల భారం కూడా తోడై థామస్ కుక్ మూతపడ్డాయి. మన ఉమ్రా ప్రయాణాలూ అదే దారి పట్టాయి. ఉమ్రాకు ఏడాదిలో చాలా నెలలు వీలుంది కాబట్టి మామూలు విమానంలో టికెట్టు కొనుక్కుని వెళుతున్నారు.

హజ్‌కు ఆ వెసులుబాటు లేదు. జుల్‌హిజ్జా 9న అందరూ అరఫాత్‌లో ఉండి తీరాలి. 2025లో భారతదేశం కోటాయే 1,75,025. బొంబాయి నుంచి జిద్దాకు హజ్ ఓడ 1995లో ఆగిపోయింది. కనుక చార్టర్ విమానం లోకంలో ఎక్కడ తగ్గినా హజ్‌కు తప్పదు. తేలవలసిందల్లా అది ఎక్కడి నుంచి ఎగురుతుంది, ఎంతకు ఎగురుతుంది అన్నదే.

2012లో సుప్రీంకోర్టు హజ్ సబ్సిడీని పదేళ్లలో ఎత్తివేయమంది. కేంద్రం 2018లోనే ఎత్తివేసింది. 2023లో తొలిసారి విజయవాడ గన్నవరం నుంచి హాజీలు బయల్దేరారు. గోదావరి జిల్లాల వారికి ఎంతో సంతోషం. కానీ హైదరాబాద్‌ కన్నా ఛార్జీ ఎక్కువ కావడంతో ఆ ఏడాది రాష్ట్ర ప్రభుత్వం మనిషికి 80 వేల రూపాయల చొప్పున భరించవలసి వచ్చింది. కేరళలో 2024లో కొచ్చి, కన్నూరు కంటే కోజికోడ్ ఛార్జీ చాలా ఎక్కువైంది. అక్కడ పెద్ద విమానాలు దిగే వీలు లేకపోవడం ఒక కారణం.

జనం తక్కువైతే ఛార్జీ పెరుగుతుంది. ఛార్జీ పెరిగితే జనం హైదరాబాద్‌కో, బెంగళూరుకో పోతారు. ఈ చక్రాన్ని ఏటా సాయం పోసి ఎంతకాలం ఆపగలం? స్థోమత గలవారి మీదనే అల్లాహ్ హజ్‌ను విధి చేశాడు. ఒకరి సాయంతో హజ్‌కు వెళ్లడం తప్పు కాదు. కానీ ఆ సాయం విమాన సంస్థ ఖాళీ సీట్ల కిరాయికి పోవడం మాత్రం మనకు సమ్మతం కాకూడదు.

మేము కోరేవి మూడు. ఒకటి: దరఖాస్తులో ఏ విమానాశ్రయమో రాయకముందే దాని ఛార్జీ ప్రకటించాలి. ఇప్పుడు ముందు ఊరు ఎంచుకోమని, ధర తర్వాత చెబుతున్నారు. రెండు: విమాన సంస్థతో ఏటికేడు కాక కొన్నేళ్లకు కలిపి ఒప్పందం చేసుకోవాలి. మూడు: ఖాళీగా తిరిగివచ్చే విమానానికి తిరుగు లోడు చూడాలి. కోనసీమ నుంచి, కడప నుంచి వెళ్లి గల్ఫ్‌లో కష్టపడుతున్న మన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎందరో ఉన్నారు. సౌదీలో ఉన్న వారికి ఆ సీట్లు తక్కువ ధరకు అమ్మితే వారూ ఇల్లు చేరతారు, హాజీల భారమూ తగ్గుతుంది. నిబంధనలు అడ్డొస్తే రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుని మార్చుకోవాలి.

మన వంతు కూడా ఉంది. ఛార్జీ ఒక్కటే చూడకండి. కడియం నుంచి హైదరాబాద్‌కు రాత్రంతా రైలు, సాగనంపడానికి వచ్చే ఇంటిల్లిపాది ఖర్చు, ముసలి తల్లిదండ్రుల అలసట, ఇవన్నీ లెక్క వేయండి. తేడా కొద్దిపాటిదైతే విజయవాడనే రాయండి. సీట్లు నిండితేనే విమానం నిలుస్తుంది.

ప్రతి ఇంటి పెద్దలకూ ఆ పవిత్ర గృహ సందర్శన భాగ్యాన్ని అల్లాహ్ సులభం చేయుగాక! ఆమీన్.