టైటానియం కోసం ఇంకో 9 రాత్రులు కొనాలా? నేనైతే కొనను

మారియట్ బాన్‌వాయ్ యాప్‌లో నా కౌంట్ 66 నైట్స్ దగ్గర ఆగింది. టైటానియం ఎలీట్ నిలబెట్టుకోవాలంటే 75 కావాలి. ఇన్నాళ్లూ క్లయింట్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా బిల్లు కంపెనీ కట్టేది. ఆ ప్రాజెక్ట్ అయిపోయింది. మిగిలిన 9 రాత్రులు డిసెంబర్ 31లోపు నా జేబులోంచే. రాత్రికి 6,000 వేసుకున్నా 54,000 రూపాయలు, అదీ పనేమీ లేకుండా వెళ్లి పడుకోవడానికి! ఆ డబ్బుకి మంచి ఫోనే వస్తుంది.

సరే, పెట్టకపోతే ఏం పోతుంది? 50 నైట్స్ దాటాను కాబట్టి ప్లాటినం ఎలాగూ ఉంటుంది. లాంజ్ యాక్సెస్, సాయంత్రం 4 గంటల లేట్ చెక్అవుట్ (రిసార్ట్‌లలో గ్యారంటీ లేదనుకోండి) అందులోనూ ఉన్నాయి. తగ్గేది బోనస్ పాయింట్లు, 75 శాతం నుంచి 50కి. చాలా బ్రాండ్లలో డాలర్‌కి 10 బేస్ పాయింట్లు. అంటే 70 డాలర్ల రూమ్‌కి తేడా 175 పాయింట్లే. వచ్చే ఏడాది సొంత ఖర్చుతో 10 రాత్రులు ఉన్నా 1,750. దాంతో ఏ రూమ్ వస్తుంది?

నన్ను నిజంగా ఊరించింది ఒకటే. 75 కొడితే ఎంచుకోగలిగే 40,000 పాయింట్ల ఫ్రీ నైట్ అవార్డ్. గోవాలో బాగా వాడితే 20,000 రూపాయల రూమ్ అనుకుందాం. ఆ 9 రాత్రులకు వచ్చే పాయింట్లు కలిపినా 54,000 దగ్గరికి రాదు.

రిసెప్షన్‌లో ‘టైటానియం మెంబర్’ అని పలకరిస్తే బాగానే ఉంటుంది, అబద్ధం ఎందుకు? మీకు రెండు రాత్రులే తక్కువై, ఎలాగూ ఊరెళ్లే పనుంటే కొట్టేయండి. తొమ్మిదైతే మాత్రం వదిలేయండి.