గడ్డి నేలను బంజరన్నదెవరు?

ఈ దేశంలో పిట్టను చూసేటోడికి ఒక పేరు, పట్టేటోడికి ఇంకో పేరు ఉన్నయి. మెడలో దుర్భిణి, చేతిలో లక్షల విలువ చేసే కెమెరా ఉంటే వాడు పక్షి ప్రేమికుడు. భుజాన వల వేసుకుని, ఆ పిట్ట జాడ, కూత, గుడ్డు పెట్టే చోటు అందరికంటే బాగా ఎరిగినోడు వేటగాడు, దొంగ. మొదటివాడి గురించి పేపర్లో వ్యాసం వస్తుంది. రెండోవాడి మీద కేసు వస్తుంది. ఆ పిట్ట బతికే నేలకు సర్కారు పెట్టిన పేరు మరొకటి: బంజరు. ఈ మూడు పేర్లు ఎవరు పెట్టారు? ఎవరి లాభం కోసం పెట్టారు? ఈ ప్రశ్న అడగకుండా పర్యావరణం మీద ఎన్ని సెమినార్లు పెట్టినా అది తిన్నదరిగేటోళ్ల ముచ్చటే అవుతుంది.

'మనకు పిట్టలతో పనేంది? భూమి, కూలి, ఉద్యోగం, అత్యాచారాలు, ఇన్ని సమస్యలుండగా గడ్డి గురించి, గద్దల గురించి రాస్తారా?' అని మనోళ్లే అడుగుతారు. రాయాలె. ఎందుకంటే పిట్ట కంటే ముందు పోతున్నది నేల. ఆ నేల మీద బతికింది మనం.

తెలంగాణ పల్లెల్లో కంచె అంటే ముళ్ల కంప మాత్రమే కాదు, పశువులు మేసే బీడు. నిజాం కాలపు రెవెన్యూ కాగితాల్లో గైరాన్ అన్నది కూడా మేత భూమే. ఆ కంచె ఎవరికి పనికొచ్చింది? వంద ఎకరాల పట్టా ఉన్న దొరకు దాని అవసరం అంతగా లేదు. సెంటు భూమి లేక ఒక బర్రెనో రెండు మేకలనో నమ్ముకున్నోళ్లకు అదే ఆధారం. కుర్మ, గొల్లల మందలు మేసింది అక్కడే. పొయ్యిలోకి పుల్లలు, ఇంటికి చీపురు గడ్డి తెచ్చుకున్నది అక్కడి నుంచే. మాదిగలు తోలు ఊనడానికి వాడిన తంగేడు చెక్క కంచెల్లోదే. బతుకమ్మకు పేర్చే తంగేడు, గునుగు ఏ తోటలోనూ సాగు చేసినవి కావు, బీడు మీద తమంతట తాము పూసినవి. పండుగ అందరిదీ అయింది గానీ ఆ పూలు పూసే నేల మాత్రం ఎవరిదీ కాని బంజరు అయింది!

ఈ దక్కన్ పీఠభూమి నేల సంగతి కూడా చెప్పుకోవాలె. సముద్రమట్టానికి ఐదారు వందల మీటర్ల ఎత్తున ఉన్న రాతి నేల ఇది. చాలా చోట్ల పైన జానెడు మట్టి, కింద గ్రానైటు. వాన తక్కువ. అట్లాంటి చోట సహజంగా పెరిగేది గడ్డి, అక్కడక్కడ తుమ్మ, రేగు, తంగేడు. అడవి నరికితే మిగిలిన పాడు నేల అని దీన్ని తెల్లదొరలు అనుకున్నారు. మన ఆఫీసర్లు అదే పాఠం అప్పజెప్తున్నారు. చాలా చోట్ల ఇది ఎన్నో వేల ఏండ్లుగా గడ్డి నేలే. తీతువ, కౌజు, పూరేడు, నేల పిచ్చుక ఈ గడ్డి మొదట్లోనే నేల మీద గుడ్లు పెడతయి. పెద్ద చెట్లు గుంపుగా పెరిగితే వాటిమీద కాకులు, గద్దలు కాపు కాసి ఆ గుడ్లను, పిల్లలను తింటయి. చలికాలంలో మధ్య ఆసియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరివచ్చే పిల్లి గద్దలు రాత్రి పండుకునేది చెట్టు మీద కాదు, గడ్డిలో. ఎలుకలను, మిడతలను తిని రైతుకు మేలు చేసే జీవాలివి. అవి అడిగేది గడ్డినే!

పిట్టను చూడటం ఇంగ్లీషోడు నేర్పిన విద్య అని కొందరి భ్రమ. దసరా నాడు పాలపిట్టను చూడాలని తెలంగాణలో ఊరు ఊరంతా చెరువు కట్టల మీదికి, చెలకల్లోకి పోతుంది. అది పిట్టలు చూసే పండుగ కాకపోతే ఏంది? 2014లో తెలంగాణ రాష్ట్ర పక్షిగా ప్రకటించింది ఆ పాలపిట్టనే. అది బయలు నేల పక్షి. తీగ మీదనో మోడు మీదనో కూర్చుని గడ్డిలో పురుగులను ఏరుకుంటది. పట్నంలో బయలు నేల లేకుండా చేసినంక దసరాకు పాలపిట్ట ఎక్కడ దొరకాలె? ఎవరో పేదోడు పంజరంలో పెట్టి తెస్తే కార్లు దిగి నోటు ఇచ్చి చూస్తున్నారు. పిట్టను బంధించడం తప్పే. రెక్కలు విరిగి, తిండి లేక అవి చస్తున్నయి. దాన్ని మేము సమర్థించం. కానీ అటవీ శాఖ పట్టుకుపోయేది పంజరం మోసేటోడినే. పైసలిచ్చి చూసినోడి మీద ఏ కేసూ ఉండదు. ఆ పిట్ట బతికే నేలను ప్లాట్లు చేసి అమ్మినోడి జోలికి అసలే పోరు!

చర్లపల్లి పేరులోనే చెరువులున్నయి. మా తాతలు గొడ్లు తోలుకపోయిన బీళ్ల మీద పారిశ్రామికవాడ లేచింది, సెంట్రల్ జైలు లేచింది, గ్యాసు, ఆయిలు డిపోలు లేచినయి. 2025 జనవరి 6న కొత్త రైల్వే టెర్మినల్ కూడా మొదలైంది. ఫ్యాక్టరీ వద్దని, రైలు వద్దని మేము అనడం లేదు. మా వాడల నుంచి ఎంతోమంది ఆ ఫ్యాక్టరీల్లోనే కూలి చేస్తున్నారు. అయితే ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి అంతా కలిపి చూస్తే, పిల్లలు కాళ్లు చాపుకుని నడవగల గడ్డి నేల ఎంత మిగిలింది? ఒకసారి సైన్సు పాఠం కోసం మా బడి పిల్లలను షెడ్ల వెనక మిగిలిన ఒక బీడు దగ్గరకు తీసుకపోయినం. తీతువ జంట ఒకటి తలల మీద తిరుగుతూ అరుస్తున్నది. 'సార్, దీని గుడ్లు ఇక్కడే ఉన్నయి, అందుకే మొత్తుకుంటున్నది, వెనక్కి జరగండి' అని చెప్పింది ఏడో తరగతి పిల్ల. ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలేదు, వాళ్ల నాయనమ్మ మేకలు కాసింది. పది నిమిషాలు కాకముందే ఒక కంపెనీ వాచ్‌మన్ వచ్చి, ఇది ప్రైవేటు జాగ, బయటికి నడవండన్నడు. కెమెరాలు వేసుకుని కార్లల్లో దిగి ఉంటే అట్లనే అనేటోడా?

ఇక సర్కారు లెక్క చూడండి. మన బాలానగర్‌లోనే ఉన్న రిమోట్ సెన్సింగ్ సంస్థ ఉపగ్రహ చిత్రాలతో 2000లో దేశపు బంజరు భూముల అట్లాసు తయారు చేసింది. అందులో పొదల నేలలు, పాడైన మేత భూములు, రాతి నేలలు అన్నీ 'వేస్ట్ ల్యాండ్' కిందికే వచ్చినయి. ఆకాశంలోంచి చూసినోడికి గడ్డి కనపడ్డది గానీ గడ్డి మీద బతికే జీవాలు, మనుషులు కనపడలేదు. ఒకసారి వేస్టు అని రాసుకుంటే ఎవరికైనా రాసివ్వొచ్చు. కర్నూలు ఓర్వకల్లు దగ్గర గని, శకునాల భూముల మీద 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు లాంటివి మెట్ట నేలల మీదనే పరుచుకుంటున్నయి. ఇవ్వడానికి కంపెనీ దొరక్కపోతే గుంతలు తవ్వి మొక్కలు నాటుతారు. 2015లో మొదలైన హరితహారం నుంచి ఖాళీ జాగ కనపడితే చాలు మొక్క పెట్టడమే పుణ్యమైంది. ఆకుపచ్చగా ఉంటేనే ప్రకృతి అట! ఎండాకాలంలో పసుపు పచ్చగా మారే గడ్డి పాపం చేసిందా?

చట్టం సంగతీ అంతే. 1980 అటవీ సంరక్షణ చట్టం అడవిని కాపాడుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం అడవిలో మేపుకునే హక్కునిస్తుంది. కానీ రెవెన్యూ లెక్కలో ఉన్న కంచెకు ఆ కాపుదలా లేదు, ఈ హక్కూ లేదు. కంచ గచ్చిబౌలిలో జరిగింది చూశాం కదా. ఊరి పేరులోనే కంచె ఉంది. అది గుట్టలు, గడ్డి, పొదలు, కుంటలు కలిసిన నేల. 400 ఎకరాలను కంపెనీలకు వేలం వేయాలని 2025 మార్చి చివర్లో బుల్డోజర్లు దింపారు. మార్చి 30న అడ్డుపడ్డ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులను పోలీసులు ఈడ్చుకపోయారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తాను జోక్యం చేసుకుని ఆపింది. అప్పటికే సుమారు వంద ఎకరాలు చదును చేసిండ్రు. గమనించాల్సింది ఏమంటే, దాన్ని కాపాడాలనుకున్నోళ్లు కూడా 'ఇది అడవి' అని వాదించాల్సి వచ్చింది. 'ఇది కంచె, ఇది గడ్డి నేల' అంటే వినే చట్టం లేదు.

ఆ యూనివర్సిటీలోనే రోహిత్ వేముల చదివాడు. 2016 జనవరి 17న రాసిన చివరి ఉత్తరంలో సైన్సునూ, నక్షత్రాలనూ, ప్రకృతినీ ప్రేమించానని చెప్పుకున్నాడు. దళితులకు పిట్టలతో పనేందన్న వాళ్లకు అంతకంటే జవాబేముంది? ఆకాశం వైపు తలెత్తి చూసే హక్కు మన పిల్లలకు కూడా ఉంది.

కాపాడుతామన్న చోట ఏం జరిగిందో రోళ్లపాడు చెప్తుంది. అప్పటి కర్నూలు జిల్లాలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో బట్టమేక పిట్ట కోసం 1988లో 614 హెక్టార్లను అభయారణ్యం చేశారు. మీటరు ఎత్తుండే పెద్ద పక్షి అది. ఏటా సాధారణంగా ఒక్కటే గుడ్డు, అదీ నేల మీద. దానికి కావలసింది పొట్టి గడ్డి, చుట్టూ జొన్న, కొర్ర లాంటి మెట్ట పంటలు, మేపుకునే బీళ్లు. కంచె వేసిన ఆరు వందల హెక్టార్ల లోపల దాని బతుకు సాగదు. చుట్టూ కాలువలు వచ్చినయి, పంటలు మారినయి, మేత బీళ్లు తరిగినయి. లోపల కృష్ణ జింకలు పెరిగి బయట పేద రైతు పంట మేసినయి. కోపం పక్షి మీదికి మళ్లింది. ఒకప్పుడు పదుల సంఖ్యలో కనిపించిన బట్టమేక ఇప్పుడు అక్కడ కనపడటమే గగనమైంది. దేశం మొత్తంలో మిగిలినవి నూటయాభై లోపేనని అంచనా, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లోనే. పశువుల కాపరిని, మెట్ట రైతును బయటికి నెట్టి పిట్టను కాపాడలేరని రుజువు కావడానికి ఇంకేం కావాలె?

తెలివి ఎవరిది, పేరు ఎవరికి అన్నది కూడా తేలాలె. జెర్డన్ అనే మద్రాసు సైన్యపు డాక్టరు 1862-64లో భారతదేశపు పక్షుల మీద పుస్తకం అచ్చేశాడు. అందులో ఎన్నో పిట్టలకు తెలుగు పేర్లున్నయి. ఆ పేర్లు ఆయనకు పుట్టుకతో వచ్చినయా? వలలు, ఉచ్చులు పట్టినోళ్ల నోటి నుంచి గాక ఇంకెక్కడి నుంచి వచ్చినయి? మన కలివి కోడికి మాత్రం లోకంలో జెర్డన్ పేరే నిలిచింది. 1900 తర్వాత కనపడక, ఇక లేదనుకున్న ఆ పక్షిని 1986 జనవరిలో కడప జిల్లాలో రాత్రిపూట పట్టి చూపించింది ఐతన్న అనే స్థానికుడు, పిట్టలు పట్టే మనిషి. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు ఆ మాట రాసిండ్రు, వాళ్లకు ఆ నిజాయితీ ఉంది. కానీ పాఠ్యపుస్తకంలో ఐతన్న ఏడి? పిట్టలోళ్లు, నక్కలోళ్లు, పార్ధీలు తరతరాలుగా కూడబెట్టిన తెలివి ఇది. తెల్లోడు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి ఇట్లాంటి సంచార జాతులను పుట్టుకతోనే దొంగలను చేసిండు. ఆ చట్టం 1952లో పోయింది, పోలీసు చూపు మాత్రం పోలేదు.

ఇక్కడ మన ఉద్యమంలోని మిత్రులు ఒక గట్టి ప్రశ్న వేస్తారు. బంజర్లు మాకు పంచాలన్నది కదా మన డిమాండు? అవును. 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో అంబేద్కర్ ప్రభుత్వ సాగులేని భూములను అంటరానివాళ్ల స్థిరనివాసాలకు కేటాయించాలన్నాడు. మరాఠ్వాడాలో దాదాసాహెబ్ గైక్వాడ్ 1959లో, 1964లో నడిపిన భూ సత్యాగ్రహాలు గైరాన్‌ల సాగు హక్కును ముందుకు తెచ్చినయి. ఆ డిమాండు న్యాయమైనది, నేటికీ న్యాయమైనదే. సాగులో ఉన్న దళితుడిని గడ్డి పేరుతోనో పిట్ట పేరుతోనో లేపితే మేము ఆ దళితుడి పక్కనే నిలబడతం. కానీ బంజర్లలో మనకు దక్కింది ఎంత? రాళ్ల పెరటిలో ఎకరం, రెండెకరాలు. దాన్ని కాపాడటానికి 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. అదే భూమిని ప్రజా ప్రయోజనం పేరుతో సర్కారే వాపసు తీసుకుంటున్నది. ఇక మిగిలిన కంచె పోతున్నది మనకు కాదు, వేలం పాటలోకి. సాగుకు భూమి కావాలంటే సీలింగు మిగులు, దొరల బినామీ పట్టాలు ఉన్నయి. అవి ముట్టకుండా ఊరందరి మేత భూమిని చూపించి మనల్నీ గొల్ల కుర్మలనూ కొట్లాటకు దింపడం పాలకుల తెలివి. ఆ ఉచ్చులో మనం పడొద్దు.

పక్షి ప్రేమికులకూ ఒక మాట. 1980లో మొదలైన బర్డ్‌వాచర్స్ సొసైటీ నుంచి 2025లో ప్రారంభమైన హైదరాబాద్ బర్డ్ అట్లాసు దాకా ఈ నగరంలో చాలామంది ఓపికగా పిట్టల లెక్క రాస్తున్నారు. ఆ లెక్క విలువైనది. నిరుడున్న పిట్ట ఈ యేడు లేదని చెప్పడానికి అదే సాక్ష్యం. 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి సలీం అలీ రాసిన లెక్క లేకపోతే ఏం పోగొట్టుకున్నామో కూడా మనకు తెలిసేది కాదు. కానీ దయచేసి ఫొటో కోసం గడ్డిలోంచి జీపులు తోలకండి, గుడ్లు నేల మీదనే ఉంటయి. గొర్రెల మందను చూసి ముఖం చిట్లించకండి. ఎక్కువ మేస్తే నేల పాడైతదన్నది నిజమే, అసలు మేయకపోయినా గడ్డి ముదిరి కంప పెరుగుతదన్నదీ నిజమే. ఆ తూకం తెలిసినోడు కాపరి. అతన్ని దారి చూపే కూలివాడిగా కాదు, పక్కన కూర్చునే సాటి మనిషిగా పిలవండి.

ఐక్యరాజ్యసమితి 2026ను మేత భూముల, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. జెండాలు, ప్రసంగాలు మాకొద్దు. మేము అడుగుతున్నది ఇది:

కంచెలను, గైరాన్‌లను బంజరు జాబితా నుంచి తీసేసి ఉమ్మడి గడ్డి నేలలుగా చట్టంలో రాయాలె. గడ్డి నేలల్లో గుంతలు తవ్వి మొక్కలు నాటడం ఆపాలె. 2002 జీవవైవిధ్య చట్టం కింద రాయాల్సిన ప్రజా రిజిస్టర్లను ఆఫీసులో కూర్చుని నింపకుండా కాపరులు, సంచార జాతుల నోట విని, వాళ్ల పేరుతోనే రాయాలె. పిట్టలు పట్టే కుటుంబాలను జైలుకు పంపే బదులు గడ్డి నేలల కావలి, సర్వే పనుల్లో జీతమిచ్చి పెట్టుకోవాలె. సర్కారు బడులకు దుర్భిణులు ఇవ్వాలె, పిల్లలను కంచెకు తీసుకపోయే వీలు కల్పించాలె.

పత్రిక చదివే మిత్రులారా, మీ ఊరి కంచె సర్వే నంబరు ఎంత, ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో ఈ పక్షం రోజుల్లో తహసీల్దారు ఆఫీసుకు పోయి అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఊళ్లో మేకలు కాసిన ముసలమ్మను పిలిచి అక్కడ ఏయే పిట్టలుండేవో రాసుకోండి. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే దొంగ ఎవరో తెలిసిపోతది.